రివర్సల్ ఇచ్చాక ట్యూబ్ ఎప్పుడు తీయాలి? బొటనవేలిని అడగండి

"సార్, రివర్సల్ ఇచ్చాను. ఊపిరి తీసుకుంటున్నాడు, కళ్లు కూడా తెరిచాడు. ట్యూబ్ తీసేయొచ్చా?"

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు నర్సింగ్ హోముల్లో కొత్తగా ఎనస్తీషియా ఇస్తున్నవాళ్లు, పీజీలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆపరేషన్ కోసం కండరాలను సడలించే మందు రిలాక్సెంట్, చివర్లో దాని పనిని తిప్పికొట్టే మందు రివర్సల్, ఊపిరి కోసం గొంతులోంచి వేసే గొట్టం ట్యూబ్. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "బొటనవేలు చూశావా?" చాలాసార్లు అవతల నిశ్శబ్దం. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు షాకులిచ్చి బొటనవేలు ఎలా కదిలిందో చూస్తే, కండరాలు ఎంత తేరుకున్నాయో తెలుస్తుంది.

నేనూ ఒకప్పుడు చూడనివాణ్నే. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆస్పత్రిలో రాత్రిపూట అపెండిక్స్ కేసు. పొట్ట బిగుతుగా ఉందని సర్జన్ అంటే వెక్యూరోనియం అనే రిలాక్సెంట్ ఇంకో డోసు వేశాను. ఆయన అనుకున్నదానికంటే ముందే కుట్లు ముగించి "ఏమబ్బా, ఇంకా ఎంతసేపు?" అన్నాడు. గడియారం చూసి రివర్సల్ మందు నియోస్టిగ్మిన్ ఇచ్చేశాను. పేషెంటు ఒడ్డున పడ్డ చేపలా ఎగిరెగిరి పడుతుంటే, మెలకువ వచ్చిందనుకుని ట్యూబ్ తీశాను. పది నిమిషాల్లో దవడ జారింది, ఆక్సిజన్ శాచురేషన్ 82కి పడింది. ఆ తర్వాత అరగంట మాస్కు పట్టుకుని బ్యాగ్ నొక్కుతూ కూర్చున్నాను. తెల్లారి ఆ కుర్రాడు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సార్, మీరు మాట్లాడుకునేవన్నీ వినిపించాయి. నాకు గొంతు మాత్రం పెగల్లేదు."

ఇది ఎనస్తీషియాలో శిక్షణ ఉన్నవాళ్ల కోసం, వాళ్ల పక్కన నిలబడే ఓటీ టెక్నీషియన్ల కోసం రాస్తున్నాను. టెక్నీషియన్లు ఇది చదివి ఒంటరిగా రివర్సల్ ఇవ్వకండి. కానీ డాక్టరు తొందరపడితే "సార్, కౌంట్ చూశారా" అని అడగండి. అందులో తప్పేమీ లేదు. కౌంట్ అంటే నాలుగు షాకులకు బొటనవేలు ఎన్నిసార్లు కదిలిందన్న లెక్క.

థియరీ ఇంతే

బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం చూశారుగా, రిలాక్సెంట్ చేసే పని అదే. కండరం దగ్గర ఎసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన సీట్ల మీద తువ్వాళ్లు వేస్తుంది. నియోస్టిగ్మిన్ ఆ తువ్వాళ్లు తీయదు. ఎసిటైల్‌కోలిన్‌ను కరిగించే ఎంజైమును ఆపి బస్సులోకి ఇంకా జనాన్ని ఎక్కిస్తుంది, అంతే. సగం సీట్లు ఖాళీ అయి ఉంటే ఆ తోపులాటలో పని జరుగుతుంది. అన్ని సీట్ల మీదా తువ్వాళ్లే ఉంటే ఎంతమందిని ఎక్కించినా లాభం లేదు. అందుకే దానికి ఒక హద్దు ఉంది, డోసు పెంచినా అది దాటదు. సుగామాడెక్స్ అలా కాదు, తువ్వాళ్లనే చుట్టి పట్టుకుపోతుంది. కాకపోతే రోక్యూరోనియం, వెక్యూరోనియం తువ్వాళ్లను మాత్రమే. అట్రాక్యూరియం, సిస్‌అట్రాక్యూరియం మీద దానికి ఏ పనీ లేదు. స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్, త్వరగా పనిచేసి త్వరగా వీడే రిలాక్సెంట్) మీదా అంతే.

దగ్గర ఉండాల్సినవి

నర్వ్ స్టిమ్యులేటర్. రేషియోను, అంటే నాలుగో కదలిక మొదటిదానిలో ఎంత వంతో, అంకెలో చూపించే మానిటర్ అయితే మరీ మంచిది. లేకపోతే నాలుగు షాకులిచ్చే మామూలు చేతి స్టిమ్యులేటర్ అయినా సరే. రెండు ఈసీజీ ఎలక్ట్రోడ్లు, స్పిరిట్ దూది. నియోస్టిగ్మిన్, దానితో నాడి పడిపోకుండా గ్లైకోపైరోలేట్, విడిగా అట్రోపిన్. దొరికితే సుగామాడెక్స్. సక్షన్, బ్యాగ్-మాస్కు, లారింగోస్కోపు, ఇంకో ట్యూబ్. 10 మి.లీ. సెలైన్ ఫ్లష్. సిరంజిలకు లేబుళ్లు.

లేబుల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రిలాక్సెంట్ సిరంజికి ఎర్ర లేబుల్, రివర్సల్ సిరంజికి ఎరుపు-తెలుపు ఏటవాలు చారల లేబుల్. లేబుళ్లు లేకపోతే ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాయండి. రివర్సల్ అనుకుని అట్రాక్యూరియం ఎక్కించిన సంగతులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, ఎవరూ బయటికి చెప్పుకోరు. రిలాక్సెంట్ మిగిలిన సిరంజిని కేసు చివర్లో ట్రేలో ఉంచకండి, పారేయండి.

1. మత్తు ఇవ్వకముందే అడగాల్సినవి

కిడ్నీ జబ్బు ఉందా? ఉంటే వెక్యూరోనియం, రోక్యూరోనియం ఎక్కువసేపు నిలుస్తాయి. అలాంటివాళ్లకు అట్రాక్యూరియం మేలు, అది రక్తంలోనే తనంతట తాను విడిపోతుంది. ఆస్తమా ఉందా? నియోస్టిగ్మిన్‌తో పిల్లికూతలు రావచ్చు. మయస్తీనియా (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉందా? ఉంటే ఆ కేసును చిన్నచోట పెట్టుకోకండి.

స్కోలిన్ వాడే ఆలోచన ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడానికి గంటలు పట్టిందా? ఆర్యవైశ్య కుటుంబాలలో స్కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము (సూడోకోలినెస్టరేజ్) లోపం ఎక్కువని మన దక్షిణాది ఎనస్తీషియా వాళ్లందరికీ తెలుసు, అందుకే ఈ ప్రశ్న మొహమాటం లేకుండా అడుగుతాం. రెండోది, ఈమధ్య పురుగుమందు ప్రమాదం ఏమైనా జరిగిందా? టమోటా, మామిడి తోటల ప్రాంతంలో ఉన్నాం, అడగడం అలవాటు చేసుకోండి. ఈ ఇద్దరిలోనూ ఆ ఎంజైము తక్కువై స్కోలిన్ త్వరగా వీడదు. అప్పుడు నియోస్టిగ్మిన్ ఇస్తే ఉన్న కాస్త ఎంజైమూ ఆగిపోయి ఇంకా ఆలస్యమవుతుంది. స్కోలిన్ వీడకపోతే మందు వెంటిలేటరే, పేషెంటును నిద్రలో ఉంచి ఓపిక పట్టండి.

2. ఎలక్ట్రోడ్లు పెట్టడం

మణికట్టు లోపలివైపు, చిటికెనవేలి పక్కన అల్నార్ నరం మీద పెట్టాలి. మొదటిది మణికట్టు మడతకు ఒకటి రెండు సెంటీమీటర్లు పైన, రెండోది దానికి మూడు సెంటీమీటర్లు పైన. నల్ల వైరు చేతివైపు ఉన్నదానికి, ఎర్ర వైరు మోచేతి వైపుదానికి.

మన దగ్గర ఒక చిక్కుంది. కొండకు వెళ్లొచ్చిన పేషెంటు మణికట్టుకు సరిగ్గా అక్కడే నాలుగైదు దారాలు ఉంటాయి. వాటి కింద గంధం, పసుపు, నూనె పేరుకుని ఉంటాయి. దారం తెంచకండి, అడిగి పైకి జరపండి. కింద చర్మాన్ని స్పిరిట్‌తో రెండుసార్లు గట్టిగా తుడిచి, ఆరాక అంటించండి. తడి మీద అంటించిన ఎలక్ట్రోడు అరగంటలో ఊడుతుంది, అప్పుడు వేలు కదలకపోతే మందు వల్లనో, ఎలక్ట్రోడు వల్లనో తెలియదు.

పేషెంటు నిద్రపోయాక, రిలాక్సెంట్ ఇవ్వకముందు ఒకసారి షాకులిచ్చి చూడండి. కరెంటును క్రమంగా పెంచండి, సాధారణంగా 50–60 మిల్లీయాంప్‌ల దగ్గర బొటనవేలి కదలిక ఇక పెరగదు. అంకె చూపించే మానిటర్ అయితే కాలిబ్రేషన్ కూడా ఇప్పుడే. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. మొదట్లో వేలు ఎలా కదిలిందో చూడనివాళ్లకు చివర్లో చూసేది అర్థం కాదు.

చేతులు రెండూ డ్రేపుల కింద ఇరుక్కుపోతే ముఖం మీద కనుబొమ్మ దగ్గర పెట్టడం మామూలే. సర్జరీ జరుగుతున్నంతసేపూ పర్లేదు. రివర్సల్ నిర్ణయానికి మాత్రం అది పనికిరాదు. కనుబొమ్మ ముందే తేరుకుంటుంది, గొంతు కండరాలు ఇంకా తేరుకోవు. డ్రేపులు తీయగానే మణికట్టుకు మార్చండి. చెయ్యి అందకపోతే చీలమండ లోపలివైపు పోస్టీరియర్ టిబియల్ నరం మీద పెట్టి కాలి బొటనవేలు చూడండి.

3. చివరి డోసు

ఇంకో డోసు వేసేముందు కౌంట్ చూడండి. ఒకటో రెండో కదలికలు ఉంటే పొట్ట సర్జరీలకు చాలావరకు సరిపోతుంది. "టైట్‌గా ఉంది" అని సర్జన్ అన్న ప్రతిసారీ రిలాక్సెంటే మందు కాదు, మత్తు తక్కువై ఉండొచ్చు. చివరి ఇరవై నిమిషాల్లో అయితే కాస్త ప్రొపోఫాల్‌తో గట్టెక్కవచ్చు.

4. కౌంట్ చూసి నిర్ణయం

టీఓఎఫ్ (ట్రెయిన్ ఆఫ్ ఫోర్) అంటే రెండు సెకన్లలో నాలుగు షాకులు. బొటనవేలిని మీ చేతివేళ్లతో తేలిగ్గా పట్టుకుని ఎన్నిసార్లు తన్నిందో లెక్కపెట్టండి, నాలుగోది మొదటిదానికంటే బలహీనంగా ఉందేమో గమనించండి. కంటితో చూడటం కంటే చేత్తో పట్టుకోవడం నయం. మళ్లీ చూడాలంటే పదిహేను సెకన్లు ఆగండి.

కదలిక ఏమీ లేదు, లేదా ఒక్కటే ఉంది: నియోస్టిగ్మిన్ ఇవ్వొద్దు. రోక్యూరోనియం లేదా వెక్యూరోనియం అయితే సుగామాడెక్స్ కిలోకు 4 మి.గ్రా. ఒక్క కదలికా లేనప్పుడు ముందు పోస్ట్ టెటానిక్ కౌంట్ చూడండి: 50 హెర్ట్జ్ అయిదు సెకన్లు, మూడు సెకన్ల విరామం, తర్వాత సెకనుకొక షాకు. అందులో కనీసం ఒకటి రెండు కదలికలైనా కనిపించాలి. ఈ పరీక్ష వెంటవెంటనే చేయకండి, ఆరు నిమిషాల ఎడం ఇవ్వండి. సుగామాడెక్స్ లేకపోతే, లేదా ఇచ్చింది అట్రాక్యూరియం అయితే, వెంటిలేటర్ మీదే ఉంచి ఆగండి. మత్తు గ్యాసు ఆపకండి. కాళ్లూ చేతులూ కదపలేని స్థితిలో మెలకువ రావడం ఎంత నరకమో ఆ అపెండిక్స్ కుర్రాడు నాకు చెప్పాడు.

రెండు లేదా మూడు: సుగామాడెక్స్ అయితే కిలోకు 2 మి.గ్రా. నియోస్టిగ్మిన్‌తో అయితే ఇంకా ఆగండి.

నాలుగూ ఉన్నాయి, కానీ నాలుగోది నీరసంగా ఉంది: సుగామాడెక్స్ కిలోకు 2 మి.గ్రా. అది లేకపోతే ఆ తేడా పోయేదాకా ఆగడం ఉత్తమం. ఆగలేని పరిస్థితి అయితే నియోస్టిగ్మిన్ కిలోకు 0.05 మి.గ్రా. ఇచ్చి, పది నిమిషాలు చాలవని ముందే మనసులో అనుకోండి.

నాలుగూ సమానంగా ఉన్నాయి: అయిపోలేదు. ఇక్కడే పెద్దపెద్దవాళ్లూ పొరపాటు పడతారు. రేషియో 0.4 దాటితే మన చేతికి, కంటికి తేడా తెలియదు. ట్యూబ్ తీయడానికి 0.9 కావాలి. ఈ రెండిటి మధ్య ఉన్న పేషెంటు మనకు బాగున్నట్టే కనిపిస్తాడు, గొంతులో ఊరిన లాలాజలం మాత్రం మింగలేడు. మామూలు స్టిమ్యులేటర్‌తో పనిచేసేవాళ్లు ఇక్కడ రివర్సల్ తప్పకుండా ఇవ్వండి, కిలోకు 0.03 మి.గ్రా. నియోస్టిగ్మిన్ సరిపోతుంది.

అంకె చూపించే మానిటర్‌లో 0.9 లేదా ఆపైన: రివర్సల్ అక్కర్లేదు. అలవాటు కొద్దీ ఇవ్వకండి. అమెరికా ఎనస్తీషియా సొసైటీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పట్టుబట్టేదీ ఈ 0.9 మీదే, అదీ బొటనవేలి దగ్గర కొలిచింది.

5. డోసు లెక్క

60 కిలోల మనిషి, కిలోకు 0.05 చొప్పున నియోస్టిగ్మిన్ 3 మి.గ్రా. అర మి.గ్రా. ఆంప్యూల్స్ అయితే ఆరు. గ్లైకోపైరోలేట్ కిలోకు 0.01 చొప్పున 0.6 మి.గ్రా., అంటే 0.2 మి.గ్రా. ఆంప్యూల్స్ మూడు. రెండూ కలిపి వచ్చే 5 మి.లీ. ఆంప్యూల్‌లో నియోస్టిగ్మిన్ 2.5, గ్లైకో 0.5 మి.గ్రా. ఉంటాయి. కిలోకు 0.1 మి.లీ. అని గుర్తుపెట్టుకుంటే 60 కిలోలకు 6 మి.లీ. అవుతుంది. అయినా ప్రతిసారీ ఆంప్యూల్ మీద చదవండి.

నియోస్టిగ్మిన్ మొత్తం 5 మి.గ్రా. దాటకూడదు. పిల్లలకూ కిలో లెక్క ఇదే: 12 కిలోల బిడ్డకు 0.6 మి.గ్రా., గ్లైకో 0.12 మి.గ్రా.

సుగామాడెక్స్ మిల్లీలీటరుకు 100 మి.గ్రా. అదే 60 కిలోలకు 2 చొప్పున 120, 4 చొప్పున 240 మి.గ్రా. ఇక్కడ జేబు అడ్డం వస్తుంది. 200 మి.గ్రా. వయల్ ఒకటి విప్పాక, 40 కోసం రెండోది ఎవరు విప్పుతారు? ఎన్టీఆర్ వైద్యసేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కేసుల్లో మరీ. కానీ తక్కువ డోసు ఇస్తే ముందు బాగా లేచి, రికవరీలో మళ్లీ జారిపోతారు. డబ్బు ఆదా చేయాలంటే కౌంట్ రెండు వచ్చేదాకా ఆగి 120 ఇవ్వండి. మందు తగ్గించకండి, టైము పెంచండి. లావుగా ఉన్నవాళ్లకు అసలు బరువు మీదే లెక్క కట్టండి.

ట్యూబ్ వేయలేక, మాస్కుతో గాలి పట్టక ఇరుక్కుపోయినప్పుడు, రోక్యూరోనియం కిలోకు 1.2 మి.గ్రా. ఇచ్చి ఉంటే సుగామాడెక్స్ కిలోకు 16 మి.గ్రా. అని పుస్తకంలో ఉంటుంది. 60 కిలోలకు 960 మి.గ్రా., అంటే అయిదు వయల్స్. మీ ఓటీలో అయిదు ఉన్నాయా? లేకపోతే ఆ దారి మీకు లేనట్టే, ముందే తెలుసుకుని వేరే ప్లాన్ పెట్టుకోండి.

6. ఇవ్వడం, ఆగడం

ముందు గొంతు సక్షన్ చేయండి, ఇంకా మత్తులో ఉండగానే. తర్వాత నియోస్టిగ్మిన్, గ్లైకో కలిపి ఒక నిమిషంలో నెమ్మదిగా ఎక్కించండి. గ్లైకో మరిచిపోయి నియోస్టిగ్మిన్ ఒక్కటే వెళ్లిందంటే నాడి నలభైకి, ముప్పైకి జారుతుంది. మానిటర్ బీప్ చప్పుడు మీద చెవి ఉంచండి. పడితే అట్రోపిన్. సుగామాడెక్స్‌తోనూ నాడి పడొచ్చు, అరుదుగా తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. బీపీ ఒక్కసారి పడిపోతే ఎడ్రినలిన్ అందుబాటులో ఉండాలి.

వెంటనే 10 మి.లీ. సెలైన్‌తో లైన్ ఫ్లష్ చేయండి. మూడు దారుల స్టాప్‌కాక్‌లో, ఎక్స్‌టెన్షన్ ట్యూబులో రిలాక్సెంట్ చుక్కలు మిగిలి ఉంటాయి. రికవరీలో సిస్టర్ ఏదో యాంటీబయాటిక్ వేస్తుంది, దానితో పాటు అవీ వెళ్తాయి. చిన్నపిల్లల్లో ఆ కాస్తే ఊపిరి ఆపడానికి చాలు.

టైము రాయండి. నియోస్టిగ్మిన్ పూర్తిగా పనిచేయడానికి పది నిమిషాలు. ఓటీలో పది నిమిషాలంటే చాలా పొడుగు. సర్జన్ గ్లవ్స్ తీసి టీ తాగొస్తాడు, వార్డుబాయ్ ట్రాలీ తెచ్చి తలుపు దగ్గర నిలబడతాడు, బయట పెద్దాయన "ఎందుకు సార్ ఇంకా లేవలేదు?" అని అప్పటికి మూడోసారి అడిగిస్తాడు. ఎవరు ఎంత తొందరపెట్టినా గడియారం ముల్లు వేగంగా తిరగదు.

అనుకున్నట్టు తేరుకోకపోతే ఇవి చూడండి: ఒళ్లు చల్లబడిందా (ఎండాకాలంలో మన ఏసీలు బయటి వేడికి పోటీగా పెడతాం, పేషెంటు వణుకుతుంటాడు), కార్బన్ డయాక్సైడ్ పెరిగిందా, పొటాషియం తక్కువా, జెంటామైసిన్ లేదా అమికాసిన్ వేశారా, సిజేరియన్ అయితే మెగ్నీషియం నడుస్తోందా. మెగ్నీషియం వెళ్తున్న అమ్మాయికి రిలాక్సెంట్ ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉంటుంది. నియోస్టిగ్మిన్ ఇంకో డోసు జవాబు కాదు, వెంటిలేటరే జవాబు.

7. ట్యూబ్ తీసే ముందు

రేషియో 0.9. యాక్సెలరోమీటర్ రకం మానిటర్లు కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి వాటిలో ఒకటికి దగ్గరగా వచ్చేదాకా చూస్తే మంచిది. అంకె లేనివాళ్లు: రివర్సల్ ముందే నాలుగూ సమానంగా ఉన్నాయి, రివర్సల్ తర్వాత పది నిమిషాలు పూర్తయ్యాయి, ఈ రెండూ కచ్చితంగా ఉండాలి.

ఆపైన, పిలిస్తే కళ్లు తెరవాలి, చెప్పిన పని చేయాలి, ఊపిరి నిండుగా, లయగా ఉండాలి. తల అయిదు సెకన్లు ఎత్తించడం మనందరికీ నేర్పిన పరీక్ష. రేషియో ఇంకా 0.6 దగ్గర ఉన్నవాళ్లు కూడా ఎత్తేస్తారు. తల ఎత్తలేకపోతే ట్యూబ్ తీయకండి, ఎత్తినంత మాత్రాన తీయొచ్చని కాదు. చేప లక్షణం కనిపిస్తే, అంటే ఒళ్లంతా ఎగిరెగిరి పడుతూ ఊపిరి మాత్రం పైపైన ఆడుతుంటే, అది మెలకువ కాదు, బలహీనత. గ్యాసు కాస్త తెరిచి మళ్లీ నిద్రపుచ్చండి.

8. రికవరీలో

సిస్టర్‌కు అప్పగించేటప్పుడు ఏ రిలాక్సెంట్, ఏ రివర్సల్, ఎన్ని గంటలకు అని నోటితో చెప్పండి. మొదటి అరగంట దగ్గర మనిషి ఉండాలి. గొంతు సన్నగా రావడం, ఒకటి రెండుగా కనిపిస్తోందనడం, లాలాజలం పెదవి చివర్లోంచి కారడం, దవడ జారడం, ఇవేవీ "ఇంకా మత్తు దిగలేదు" అని కొట్టిపారేసేవి కావు. ఆక్సిజన్, దవడ ఎత్తడం, అవసరమైతే బ్యాగ్-మాస్కు, మళ్లీ టీఓఎఫ్. మెలకువలో ఉన్నవాళ్లకు షాకులు నొప్పి పెడతాయి, కరెంటు తగ్గించి చేయండి. రోక్యూరోనియం, వెక్యూరోనియం అయితే సుగామాడెక్స్ ఇప్పుడైనా ఇవ్వొచ్చు. కుదరకపోతే నిద్రపుచ్చి ట్యూబ్ మళ్లీ వేయండి, పరువు సంగతి తర్వాత.

సుగామాడెక్స్ ఇచ్చిన పేషెంటును కొద్ది గంటల్లో మళ్లీ ఓటీకి తేవాల్సి వస్తే రిలాక్సెంట్‌గా అట్రాక్యూరియం వాడండి. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకు వారం రోజులు వేరే జాగ్రత్త కూడా తీసుకోమని చెప్పాలి. ఇది మన దగ్గర దాదాపు ఎవరూ చెప్పడం లేదు. వార్డులో అత్తగారు, మరిది నిలబడి ఉండగా చెప్పే మాట కాదు కాబట్టి, డిశ్చార్జి రోజు సిస్టర్‌తో విడిగా చెప్పించండి, కాగితం మీద కూడా రాయండి.

ఎనస్తీషియా షీటు మీద "రివర్సల్ ఇవ్వబడింది" అని ఒక్క ముక్క రాసి వదలకండి. నేను ఇలా రాస్తాను: "11.40, టీఓఎఫ్ 4, తేడా లేదు, కుడి బొటనవేలు. నియో 2 మి.గ్రా., గ్లైకో 0.4. లైన్ ఫ్లష్ చేశాం. 11.52, రేషియో 0.94. 11.55, ట్యూబ్ తీశాం."